వణికే చేయి – వార్నిష్ డబ్బా

(పెన్షనర్ల దినోత్సవ ప్రత్యేక సంచిక కోసం – నరసరావుపేటలో సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

డిసెంబరు 17 మనందరికీ పండుగ రోజు. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు, పింఛను అనేది ప్రభుత్వం దయతలచి ఇచ్చే బహుమానం కాదని, ఉద్యోగికి అది హక్కు అని తీర్పు చెప్పింది. ఏటా ఈ సభలో ఆ తీర్పును తలచుకుంటాం. కరువు భత్యం లెక్కలు చెప్పుకుంటాం. కాలం చేసిన మిత్రులకు రెండు నిమిషాలు మౌనం పాటిస్తాం. ఈసారి మన కార్యదర్శిగారు "లెక్కలు మేము చెబుతాం, మీరు మీ బొమ్మల సంగతి చెప్పండి" అని ఆజ్ఞాపించారు. పైవారి ఆజ్ఞ కాదనే అలవాటు సర్వీసులో లేదు, ఇప్పుడూ లేదు. కనుక చెబుతున్నాను.

విషయం ఇది: బొటనవేలంత సైనికుల బొమ్మలకు రంగులు వేసి, వార్నిష్‌లో ముంచి తీసే పద్ధతి. వినడానికి పిల్లకాయల వ్యవహారంలా ఉంటుంది. కానీ దీనికీ మన వయసుకూ, మన చేతులకూ దగ్గర సంబంధం ఉంది. అందుకే పెద్దల సభలో ప్రస్తావించే సాహసం చేస్తున్నాను.

చేతి సంగతి

గుమాస్తాకు ఆస్తి ఏమిటయ్యా అంటే అతని దస్తూరి. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో మా ఆఫీసు మొత్తానికి ఒక్కటే టైపు మిషను. నోట్ ఫైలు, రిజిస్టర్లు, డిస్పాచి, అన్నీ చేతిరాతే. దస్తూరి బాగున్నవాణ్ణి ఫెయిర్ కాపీ రాయడానికి పిలిచేవారు. పిలిస్తే పని పెరిగేది, అయినా లోపల ఒక గర్వం ఉండేది. ముప్ఫై అయిదేళ్లు ఆ చేతితోనే అన్నం తిన్నాం, పిల్లల్ని చదివించాం, పెళ్ళిళ్ళు చేశాం.

ఇప్పుడు ఆ చేయే వణుకుతోంది. నా చేయి వణుకుతుంది, ఈ హాల్లో ఇంకా చాలామంది చేతులు వణుకుతాయి. కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటాం. చొక్కా గుండీ పెట్టుకోవడానికి అయిదు నిమిషాలు పడుతుంది. బ్యాంకులో ఒకసారి నా సంతకం పాత సంతకంతో పోలలేదు. కౌంటరు దగ్గరి అమ్మాయి "తాతగారూ, ఇంకోసారి పెట్టండి" అని మూడుసార్లు పెట్టించింది. ఆమె తన పని తాను చేసింది, ఆమెను అనేదేమీ లేదు. సంతకం పెట్టలేని వృద్ధులు, రోగుల నుంచి ఇద్దరు సాక్షుల ఎదుట వేలిముద్ర తీసుకుని సొమ్ము ఇవ్వవచ్చునని, ఆ సాక్షుల్లో ఒకరు బ్యాంకు అధికారి అయి ఉండాలని రిజర్వు బ్యాంకు సూచనలు ఉన్నాయి. అవి మనకు రక్షణే, తెలుసుకుని ఉండడం మంచిది. అయినా జీవితమంతా రాసి బతికినవాడికి వేలిముద్ర వేయాలంటే మనసు ఒప్పుకోదు. ఆ బాధ మీకు వేరే చెప్పనక్కరలేదు.

ఇక్కడ ఒక మనవి. చేయి వణికితే వయసు మీద పడేసి ఊరుకోకండి. వైద్యుడికి చూపించండి. వణుకుల్లో రకాలు ఉన్నాయి, కొన్నిటికి మందులు ఉన్నాయి. నేను చూపించుకున్నాను, వాడుతున్నాను. మందు వాడగా మిగిలిన వణుకు గురించే నేను చెప్పబోయేది.

ఈ ఆట ఏమిటి?

మా అమ్మాయి కొడుకు హైదరాబాదులో ఇంజనీరింగు చదువుతున్నాడు. కిందటి వేసవి సెలవులకు వస్తూ ఒక అట్టపెట్టె తెచ్చాడు. అందులో బూడిద రంగు ప్లాస్టిక్ సైనికులు. ఈటెలవాళ్ళు, కత్తీ డాలూ పట్టినవాళ్ళు, విలుకాళ్ళు. ఒక్కొక్కడు 28 మిల్లీమీటర్ల ఎత్తు. అంటే అంగుళం కంటే కొంచెం ఎక్కువ.

దీన్ని బల్ల మీద ఆడే యుద్ధం ఆట అంటారు. మన చదరంగంలో గళ్ళు ఉంటాయి, ఇందులో ఉండవు. బల్ల మీద గుట్టలు, వాగులు, చెట్లు అమర్చుకుంటారు. ఇద్దరు ఆటగాళ్ళు చెరొక సైన్యం పెట్టుకుంటారు. దండు ఎంత దూరం నడవాలో టేపుతో కొలుస్తారు. దెబ్బ తగిలిందా లేదా అన్నది పాచికలు వేసి తేలుస్తారు. నియమాల పుస్తకం ఒకటి ఉంటుంది. మనకు ఫండమెంటల్ రూల్స్ పుస్తకం ఎలాగో వాళ్ళకు అది అలాగ. తగాదా వస్తే పేజీ తిప్పుతారు.

ఇది నిన్న మొన్న పుట్టింది కాదు. ప్రష్యా సైన్యం 1824లోనే తన అధికారుల శిక్షణకు ఇలాంటి ఆటను తీసుకుంది. దాని పేరు క్రీగ్‌స్పీల్. తర్వాత ఇంగ్లీషు రచయిత హెచ్.జి. వెల్స్ 1913లో 'లిటిల్ వార్స్' అనే పుస్తకంలో బొమ్మ సైనికులతో ఇంట్లో ఆడుకునే యుద్ధానికి నియమాలు రాశాడు. చతురంగ బలాలను పలక మీదికి తెచ్చిన దేశం మనది కనుక మనకు ఇందులో వింత ఏమీ లేదు.

ఈ బొమ్మలకు ఎవరి రంగులు వాళ్ళే వేసుకోవాలి. ఆట కంటే ఈ రంగుల పనికే ఎక్కువమంది అంటుకుపోతారట. మావాడు ఒక బొమ్మకు రంగు వేస్తుంటే పక్కన కూర్చుని చూశాను. సైనికుడి మొహం కందిగింజంత. ముక్కు, గడ్డం కింద నీడ, చొక్కా మడతల్లో ముదురు రంగు, మడతల అంచున లేత రంగు, ఇవన్నీ సన్నటి కుంచెతో గీయాలి. ఎందుకంటే అంత చిన్న వస్తువు మీద అసలు వెలుతురు తగినంత నీడ చూపదు. రంగు మాత్రమే పూసి వదిలేస్తే బొమ్మ ముద్దలా కనిపిస్తుంది. నీడను మనమే వేయాలి. ఇరవై ఏళ్ళ కుర్రవాడి చేతికి అది సాధ్యం. నా చేతికి కాదు.

"తాతయ్యా, నీ కోసం వేరే పద్ధతి ఉంది" అన్నాడు. అదే ఈ ముంచుడు పద్ధతి.

ముంచితే ఏమవుతుంది?

చెక్కకు వేసే పాలియురేథేన్ వార్నిష్‌లో గోధుమ రంగు కలిసిన రకం ఉంటుంది. తలుపులకూ బల్లలకూ వేస్తారు. అమెరికాలో కొందరు ఆటగాళ్ళు రంగు వేసిన సైనికుణ్ణి ఆ డబ్బాలో ముంచి, తీసి, విదిలించి చూశారు. నీడలు వాటంతట అవే పడ్డాయి. డెన్మార్కులో 2007లో మొదలైన 'ఆర్మీ పెయింటర్' అనే సంస్థ ఈ పనికోసమే 'క్విక్‌షేడ్' అనే వార్నిష్‌ను లేత, మధ్య, ముదురు అని మూడు రకాలుగా డబ్బాల్లో అమ్మింది.

ఇందులో మంత్రం ఏమీ లేదు. పిడుగురాళ్ళ, మాచర్ల వైపు నాపరాళ్ళు పరిచిన వాకిలి వాన వెలిశాక ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకోండి. మిట్టగా ఉన్నచోట నీళ్ళు జారి రాయి తెల్లగా కనిపిస్తుంది. పల్లంలో నీళ్ళు నిలిచి నల్లగా కనిపిస్తుంది. వార్నిష్ కూడా అంతే. ముక్కు మీద, భుజం మీద, డాలు అంచున పలచని పొర మిగులుతుంది, కింది రంగు అలాగే కనిపిస్తుంది. కంటి గుంటలో, మడతలో, వేళ్ళ సందుల్లో చిక్కగా నిలుస్తుంది, అక్కడ ముదురు రంగు వస్తుంది. బొమ్మ చెక్కినవాడు లోతు ఎక్కడ పెట్టాడో ద్రవానికి తెలుసు. మనం గీత గీయనక్కరలేదు. పైగా పాలియురేథేన్ ఎండితే గట్టి పొర కనుక, ఆటలో పదిసార్లు చేతులు మారినా రంగు రాలదు.

మన బొమ్మలవాళ్ళ విద్య

ఈ పని చేస్తూంటే మన బొమ్మలు గుర్తొచ్చాయి. కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో బొమ్మలు చేస్తారు. కర్ర తడి పోయేదాకా వేడి చేసి, చేతులు, కాళ్ళు, తలలు విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. పైన సున్నం పూసి, అది ఎండాక రంగులు వేస్తారు. ఆ సున్నం పూతే ఇంగ్లీషులో ప్రైమర్ అంటే. సున్నపు బట్టీల పిడుగురాళ్ళ పక్కన పెట్టుకున్నవాళ్ళం, అడుగు పూత విలువ మనకు ఒకరు చెప్పాలా? గోడకు సున్నం సరిగా లేకపోతే పైన ఎంత ఖరీదు రంగు వేసినా నిలవదు.

అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో మరో పద్ధతి. అంకుడు కర్రను చెరకపట్టి తిప్పుతూ రంగు కలిపిన లక్క కడ్డీని ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. చెట్ల నుంచి వచ్చే రంగులతో ఆ పనిని నిలబెట్టినందుకు సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. మనం రిజిస్టర్డు కవర్ల మీద సీలు వేసిన లక్క కూడా ఆ జాతిదే. లక్క కరిగి కవరు మీద పడ్డప్పుడు పల్లంలో ముదురుగా, అంచున లేతగా ఉండేది, గమనించే ఉంటారు.

అంటే రంగును అడుగు పూత మీద నిలపడం, పైన మెరుగుతో కాపాడడం మనవాళ్ళకు పాత విద్యే. ముంచడం ఒక్కటే కొత్త.

పని క్రమం

ఇప్పుడు అసలు పని చెబుతాను. ఆఫీసు ప్రొసీడింగ్స్ లాగా వరుస నంబర్లతో చెబితే మీకు రాసుకోవడానికి సులువు.

1. బొమ్మను సబ్బు నీటితో కడిగి ఆరబెట్టాలి. అచ్చు నుంచి వచ్చిన జిడ్డు ఉంటే రంగు పట్టదు. అచ్చు కలిసిన చోట సన్నటి గీత ఉంటుంది, దాన్ని ఉప్పు కాగితంతో రుద్దేయాలి. ఇది వదిలేయకూడదు. వార్నిష్ మడతలో నిలిచినట్టే ఆ గీత పక్కనా నిలిచి, దాన్ని ఎత్తి చూపిస్తుంది.

2. ఖాళీ మందు సీసా మూత మీద బొమ్మను జిగురుతో అంటించాలి. మన ఇళ్ళలో వీటికి కరువు లేదు. మూత పట్టుకుంటే చేతికి పట్టు దొరుకుతుంది, బొమ్మకు వేలి జిడ్డు అంటదు.

3. లేత రంగు ప్రైమర్ పలచగా వేయాలి. ఒక్కసారే మందంగా కాకుండా రెండు పలచని పూతలు మంచిది.

4. నీటితో కలిపే ఆక్రిలిక్ రంగులతో మొహం, బట్ట, తోలు, ఇనుము, దేనికి దాని రంగు వేయాలి. నీడలు, మెరుపులు అక్కరలేదు. అయితే గీత దాటకుండా వేయాలి. మనం కావాలనుకున్న రంగు కంటే ఒక మెట్టు లేత రంగు వేయాలి, ఎందుకంటే వార్నిష్ అన్నిటినీ ఒక మెట్టు దించుతుంది.

5. ఒక్కో బొమ్మను పూర్తి చేస్తూ పోవద్దు. పది బొమ్మలు వరుసగా పెట్టి, ముందు పదింటికీ మొహాలు, తర్వాత పదింటికీ ధోవతులు, తర్వాత పదింటికీ ఈటె కర్రలు. డిస్పాచి సెక్షనులో కవర్లన్నిటికీ ఒకేసారి స్టాంపులు అంటించేవాళ్ళం కదా, అదే పద్ధతి.

6. ఒక రోజు పూర్తిగా ఆరనివ్వాలి. తొందర పడితే కింది రంగు కదులుతుంది.

7. వార్నిష్ డబ్బాను కర్రతో నెమ్మదిగా కలపాలి. కుదిపితే బుడగలు వస్తాయి. బొమ్మను మూత నుంచి తీసి, అడుగు దిమ్మెను పటకారుతో పట్టుకుని, తల కిందులుగా ముంచి, తీసి, డబ్బా మీద కారనివ్వాలి.

8. తర్వాత లోతైన అట్టపెట్టెలో పెట్టి విదిలించాలి. గట్టిగా, నాలుగైదుసార్లు. ఇదే ఈ పద్ధతికి ప్రాణం. ముంచడం ఎవరైనా ముంచుతారు. మిగులు వార్నిష్‌ను వదిలించడంలోనే బొమ్మ బాగుపడడం, పాడవడం ఉంది.

9. విదిలించాక బొమ్మను నిలబెట్టి పది నిమిషాలు గమనించాలి. గడ్డం కింద, చంకలో, కాళ్ళ మధ్య చుక్క గట్టినట్టు నిలిస్తే పాత కుంచె మొనతో తాకితే పీల్చుకుంటుంది. అద్దుడు కాగితంతో సిరా అద్దిన అనుభవం మనకు ఉంది కనుక ఎంత తాకాలో చేతికి తెలుసు.

10. దుమ్ము పడకుండా బోర్లించిన బుట్ట కింద ఒక రోజు, వానాకాలమైతే రెండు రోజులు ఆరనివ్వాలి. అప్పటికి బొమ్మ బెల్లం పాకంలో ముంచినట్టు నిగనిగలాడుతుంది. చూసి కంగారు పడవద్దు. పైన మెరుపు లేని మ్యాట్ వార్నిష్ ఒక పూత వేస్తే ఆ నిగారింపు పోయి బట్ట బట్టలాగా, ఇనుము ఇనుములాగా కనిపిస్తుంది.

ముంచడం దుబారా అనిపిస్తే అదే వార్నిష్‌ను కుంచెతో దండిగా పూసి, మిగులును కుంచెతోనే తీసేయవచ్చు. ఫలితం దాదాపు అంతే, డబ్బా ఎక్కువ రోజులు వస్తుంది. పింఛనుదారులకు ఇదే మేలు. విదేశీ డబ్బానే కావాలని లేదు. రంగుల దుకాణంలో వాల్‌నట్ రంగు కలిసిన వార్నిష్ అడిగితే సరిపోతుంది. రెండు డబ్బాలు కలిపి వాడే రకం వద్దు, అది కలిపిన కాసేపటికే గట్టిపడుతుంది. లక్క చపడాను స్పిరిట్‌లో కరిగించిన పాలిష్ కూడా ఈ పనికి వద్దు. స్పిరిట్ తగిలితే కింది ఆక్రిలిక్ రంగు మెత్తబడి చెదురుతుంది.

మన ఎండలు, మన వానలు

ఈ పద్ధతి చలిదేశాల్లో పుట్టింది. రెంటచింతల ఎండ వాళ్ళకు తెలియదు. వేసవి మధ్యాహ్నం స్ప్రే కొడితే రంగు తుంపర బొమ్మను చేరేలోపే గాలిలో ఎండి, బొమ్మ మీద ఇసుక చల్లినట్టు గరుకుగా పడుతుంది. కనుక వేసవిలో ఈ పని ఉదయం ఏడు లోపలే. వానాకాలంలో తేమ గాలిలో మ్యాట్ స్ప్రే వేస్తే బూజు పట్టినట్టు తెల్లటి పొర వస్తుంది. ముసురు రోజుల్లో అది కుంచెతో వేయడమే మంచిది. అన్నిటికంటే అనువైన కాలం కార్తీకం నుంచి మాఘం దాకా. సంక్రాంతి బొమ్మల కొలువుకు సరిగ్గా అందివస్తుంది.

జాగ్రత్తలు

వార్నిష్, టర్పెంటైన్ ఆవిరి మంచిది కాదు. ఆయాసం ఉన్నవాళ్ళు, గుండె జబ్బు ఉన్నవాళ్ళు వైద్యుణ్ణి అడగకుండా మొదలుపెట్టవద్దు. మిగతావాళ్ళు కూడా డాబా మీదో, వరండాలోనో చేయాలి, వంటింట్లో పొయ్యి దగ్గర అసలు వద్దు. చేతికి తొడుగు వేసుకోవాలి. వార్నిష్ తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేయకూడదు. నూనె వార్నిష్ ఆరేటప్పుడు వేడి పుడుతుంది, కుప్పగా ఉంటే దానంతట అదే అంటుకునే ప్రమాదం ఉంది. తీగె మీద విడివిడిగా ఆరవేసి, ఎండాక పారేయాలి. మిగిలిన టర్పెంటైన్ కాలువలో పోయవద్దు.

ఇంకొక ముఖ్యమైన మాట. అటక మీద ఉన్న పాత రంగు డబ్బాలు వాడవద్దు. ఇళ్ళకు వేసే రంగుల్లో సీసం పది లక్షల భాగాల్లో 90 భాగాలకు మించకూడదని మన ప్రభుత్వం 2016లో నియమం చేసి, 2017 నవంబరు నుంచి అమల్లోకి తెచ్చింది. అంతకు ముందు డబ్బాల్లో ఏముందో ఎవరు చూశారు? మనుమలు తాకే వస్తువు కనుక కొత్త రంగే కొనండి. చంటిపిల్లలకు ఈ బొమ్మలు ఇవ్వనే వద్దు, నోట్లో పెట్టుకుంటారు.

కారంపూడి బల్ల

రంగు వేయడం సరే, ఎవరి సైన్యానికి వేయాలి? మావాడు ఎక్కడో యూరపు రాజుల పేర్లు చెప్పాడు. "మన ఊరి యుద్ధం ఉండగా వాళ్ళెందుకురా?" అన్నాను. వాడికి పల్నాటి యుద్ధం అంటే బాహుబలి లాంటి సినిమా పేరుగానే తెలుసు. 1947లో ఒకటి, 1966లో ఒకటి ఆ పేరుతో సినిమాలు వచ్చిన మాట నిజమే. 1966 నాటి సినిమాలో ఎన్.టి. రామారావుగారు బ్రహ్మనాయుడుగా, భానుమతిగారు నాగమ్మగా వేశారు, మీలో చాలామంది చూసి ఉంటారు. కానీ ఆ కథ జరిగింది మనం బస్సులో తిరిగే ఊళ్ళలోనని వాడికి తెలియదు. గురజాలలో నలగామరాజు, మాచర్లలో మలిదేవరాజు, కోడిపందెంలో ఓడి రాజ్యం విడిచిన మాచర్లవారు, చివరికి 12వ శతాబ్దంలో నాగులేటి ఒడ్డున కారంపూడిలో యుద్ధం. ఇవన్నీ ఆ బొమ్మల సాక్షిగా వారం రోజులు చెప్పాను. తరువాత ఒక రోజు కారంపూడి తీసుకువెళ్ళి వీరుల గుడి చూపించాను. ఇప్పటికీ ఏటా కార్తీక అమావాస్యకు అక్కడ వీరుల ఆయుధాలకు పూజ జరుగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని అయిదు రోజుల ఉత్సవం.

మేము ఆ అయిదు రోజులనే అయిదు ఘట్టాలుగా పెట్టుకుని బల్ల సిద్ధం చేశాం. వీరులు 66 మంది అంటారు కనుక మాచర్ల పక్షానికి 66 బొమ్మలు లెక్కపెట్టి పక్కన పెట్టాం. ఇరుపక్షాలనూ గుర్తుపట్టడానికి మా ఇష్టప్రకారం గురజాలవారికి ఎర్ర నడికట్టు, మాచర్లవారికి పసుపు నడికట్టు వేశాం. డాబా మీద పటకారు పట్టుకుని నేను ముంచుతుంటే, దూరంగా కూర్చుని మా మనుమరాలు లెక్క రాసింది. దాని వయసు పదేళ్ళు. వార్నిష్ దగ్గరికి దాన్ని రానివ్వలేదు. బొమ్మలు ఆరాక బ్రహ్మనాయుడి నుదుట నామం పెట్టింది మాత్రం అదే. ఆ గీత నా చేతికి రాదు, దాని చేతికి వచ్చింది. పెద్ద పనీ చిన్న పనీ అలా పంచుకున్నాం. నామం పెడుతూ అది అడిగిన ప్రశ్న, "తాతయ్యా, నాగమ్మ చెడ్డదా?" అని. ఎనిమిది వందల ఏళ్ళ కిందట ఒక ఆడమనిషి రాజుకు మంత్రిగా ఉండి యుద్ధం నడిపిందంటే మామూలు సంగతి కాదని, మంచీ చెడూ ఇరువైపులా ఉన్నాయని, చాపకూడు పెట్టి అన్ని కులాలవారినీ ఒక పంక్తిలో కూర్చోబెట్టిన బ్రహ్మనాయుడి గొప్ప కూడా తక్కువది కాదని చెప్పాను. కన్నమదాసు మాలవాడని, అతనే ఆ సైన్యానికి నాయకత్వం వహించాడని చెబితే, అతని బొమ్మను ముందు వరుసలో పెట్టమంది. పెట్టాం.

ఇక్కడ మన సభ్యులలో ఒక మిత్రుడి సంగతి చెప్పాలి. పేరు చెప్పవద్దన్నారు. ఒకప్పుడు వారి దస్తూరి చూసి పెళ్ళి శుభలేఖలు రాయించుకునేవారు. నాకంటే వారి చేయి ఎక్కువ వణుకుతుంది. రెండేళ్ళుగా పెన్ను ముట్టలేదు, ఎవరింటికీ వెళ్ళడం మానేశారు, ఎదుట కాఫీ తాగాలంటే నామోషీ. వారిని బలవంతాన మా డాబా మీదికి తీసుకువచ్చి పటకారు చేతికిచ్చాను. ఒక బొమ్మ ముంచారు, పెట్టెలో పెట్టి విదిలించారు. వార్నిష్ చుక్క మిగలకుండా వదిలిపోయింది. దాన్ని వెలుతురులో పెట్టి చూసుకుని, "ఏమండీ, ఈ పనికి నా చేయే సరైన చేయి లాగుందే" అన్నారు. ఆ సాయంత్రం ఇరవై రెండు బొమ్మలు వారే ముంచారు. మా ఆవిడ ఇచ్చిన కాఫీ మా అందరి ఎదుట తాగారు. వారి చేయి బాగుపడిందని నేను అనను, అది వైద్యుడి పని. ఆ చేతికి మళ్ళీ ఒక పని దొరికింది, అంతవరకే చెప్పగలను.

ఆక్షేపణలు – జవాబులు

ముంచుడు పద్ధతిని తక్కువగా చూసే కళాకారులు ఉన్నారు. ఇది సోమరిపోతుల పని అంటారు. అన్ని బొమ్మలూ ఒకే గోధుమ ఛాయలో ఉంటాయి, తెలుపు మురికి పడుతుంది, అందాల పోటీకి పనికిరాదు అంటారు. అందులో నిజం ఉంది. తెల్ల ధోవతి ముంచాక కాలువ నీళ్ళలో ఉతికినట్టు అవుతుంది. మడతల మీద మళ్ళీ కాస్త తెలుపు తాకిస్తే సర్దుకుంటుంది. నిజానికి యుద్ధంలో నిలబడ్డవాడి ధోవతి తెల్లగా ఎందుకు ఉంటుంది? ఒక్క బొమ్మను అద్దాల బీరువాలో పెట్టాలనుకుంటే సన్న కుంచె పద్ధతే గొప్పది. వంద మందిని బల్ల మీద నిలబెట్టి మూడడుగుల దూరం నుంచి చూడాలంటే ముంచిన దండు ముచ్చటగా ఉంటుంది. ఇప్పుడు ఒక్క పూతతోనే నీడా రంగూ కలిసి వచ్చే రంగులు కూడా ఉన్నాయి. 2019లో ఇంగ్లండులోని గేమ్స్ వర్క్‌షాప్ సంస్థ అలాంటివి 'కాంట్రాస్ట్' పేరుతో తెచ్చింది. ఎవరి చేతికి ఏది అనువైతే అది వాడుకోవచ్చు.

కొందరు మిత్రులు, ఈ వయసులో రామనామం చేసుకోక బొమ్మలేమిటి అన్నారు. రామనామానికి ఇది అడ్డు రాలేదు. బొమ్మ ఆరే పది నిమిషాలూ ఊరికే కూర్చోవాలి కదా, అప్పుడు చేసుకోవచ్చు. ఇంకొందరు ఖర్చు అడిగారు. బొమ్మలు కొనాల్సిందే అని లేదు. కొలువులోని పాత ప్లాస్టిక్ బొమ్మలు, సంతలో దొరికే చిన్న బొమ్మలు, వేటికైనా ఈ పద్ధతి పనిచేస్తుంది. మడతలు, గుంటలు లోతుగా ఉంటే చాలు. నున్నటి బొమ్మకు మాత్రం ఫలితం ఉండదు, నిలవడానికి వార్నిష్‌కు పల్లం ఉండాలి.

ముగించే ముందు ఒక విజ్ఞప్తి. సంక్రాంతి లోపల మన సంఘం గదిలో ఒక ఆదివారం ఉదయం ఈ పని చేసి చూపడానికి కార్యదర్శిగారు అనుమతి ఇచ్చారు. గదికి కిటికీలు నాలుగు ఉన్నాయి, గాలి బాగా ఆడుతుంది. డబ్బా, పటకార్లు, ప్రైమర్ నేను తెస్తాను. మీరు ఒక పాత చొక్కా, ఒక పాత కుంచె, కడిగి ఆరబెట్టిన ఒక బొమ్మ తెచ్చుకోండి. మనుమలను కూడా తీసుకురండి. సన్న గీతలు వాళ్ళు గీస్తారు, కథ మీరు చెప్పండి. చేయి వణుకుతుందని రాకుండా ఉండవద్దు. విదిలించే పని చాలా ఉంటుంది.